మోచేతి ధమనులు – నాడి చెప్పని సంగతి

యునానీ హకీమైనా, ఆయుర్వేద వైద్యుడైనా, అల్లోపతీ డాక్టరైనా నాడి చూడవలసివస్తే మణికట్టున బొటనవ్రేలి వైపే వ్రేళ్లు ఆనిస్తారు. హకీములు ‘నబ్జ్’ అని పరీక్షించేది రేడియల్ ధమని స్పందననే. అది చర్మానికి చేరువగా, రత్ని అనే ఎముక క్రింది కొనపై ఆని ఉన్నందువలన మనకంత సులభంగా అందుతుంది.

దీని పుట్టుక మోచేతి మడతలో. భుజం నుండి దిగే బాహు ధమని అక్కడ బైసెప్స్ కండరపు టెండనుకు లోపలి ప్రక్కన ఉంటుంది. రక్తపోటు కొలిచేటప్పుడు స్టెతస్కోపు ఉంచేది ఈ చోటనే. రత్ని మెడ వద్ద అది రెండుగా చీలుతుంది. సాధారణంగా పెద్దదైన అల్నార్ ధమని కండరాల లోతుకు దిగి చిటికెనవ్రేలి వైపు సాగుతుంది, రెండవది రేడియల్. అరచేతిలో ఇవి వంపులుగా తిరిగి కలుస్తాయి. అందరిలోనూ ఇదే క్రమమని అనుకోరాదు. కొందరిలో రేడియల్ ధమని మోచేతికి పైననే విడిపోతుంది.

మోచేయి నిత్యం ముడుచుకొనే కీలు. గట్టిగా ముడిచినప్పుడు బాహు ధమని నొక్కుకొనవచ్చును. కనుకనే పైనుండి దిగే శాఖలు, క్రిందినుండి ఎగబ్రాకే శాఖలు కీలు చుట్టూ కలసి వలగా ఏర్పడ్డాయి. పెద్దకాలువ మూసుకొన్నా పిల్లకాలువల గుండా నీరు పారినట్లు, రక్తం ముంజేతికి చేరుతుంది.

అయితే ఈ ప్రక్కదారులు అన్నివేళలా ఆదుకోలేవు. పిల్లలు చేయి ఆనించి పడినప్పుడు భుజాస్థి మోచేతికి కాస్త పైన విరగడం తరచు జరిగేదే. విరిగిన కొన ధమనిని గాయపరచవచ్చు. వాపుపై బిగుతైన కట్టు పడితే కండరాలలో ఒత్తిడి పెరిగి సూక్ష్మనాళాలు మూసుకొంటాయి. కొన్ని గంటలలోనే కండరం చచ్చి, వ్రేళ్లు కొక్కెములవలె ముడుచుకొని అట్లే నిలిచిపోతాయి. ఈ వైకల్యాన్ని 1881లో వర్ణించిన జర్మన్ శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోల్క్‌మన్ పేరే దానికి స్థిరపడింది.

ఇక్కడనే నాడి మనలను మోసగిస్తుంది. పెద్ద ధమని కొట్టుకొంటూ ఉండగానే కండరం లోపల రక్తం ఆగిపోవచ్చు. నాడి అందుతున్నది గదా అని ఊరుకోరాదు. అంతకంతకు పెరిగే నొప్పి, వ్రేళ్లను మెల్లగా సాచబోతే బిడ్డ కెవ్వుమనడం, తిమ్మిరి – ఇవి కనిపించిన క్షణమే, అర్ధరాత్రియైనా, ఆసుపత్రికి చేర్చి కట్టును చర్మం కనబడేదాకా విప్పించాలి. అప్పటికీ ఒత్తిడి తగ్గకుంటే శస్త్రవైద్యుడు కండరంపై పొరను నిలువునా చీల్చి విడిపిస్తాడు.