గెడ్ రంగు, గెడ్ పేరు

ముందే చెప్పేస్తున్నా, ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' చదవాలనుకునేవాళ్లు అది చదివేసి రండి. సుమారు రెండొందల పేజీలు, ఒక వీకెండ్ చాలు.

మనకిష్టమైన ఫాంటసీ నవలని సినిమాగానో సీరీస్‌గానో తీస్తున్నారని తెలియగానే సంతోషం కంటే ముందు భయం వస్తుంది. "పాడు చేస్తార్రా" అనేస్తాం. కానీ ఏది మారితే పాడైనట్టు? అది మాత్రం ఎవరం సరిగ్గా చెప్పం. పీటర్ జాక్సన్ 2001లో తీసిన 'ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్'లో టామ్ బాంబడిల్ అసలు లేడు. కొంతమంది ఫాన్స్ ఇప్పటికీ బాధపడతారు, కానీ కథ హాయిగా నడిచింది. అంటే ఒక పాత్రో సీనో తీసేయడం ఒక్కటే సమస్య కాదన్నమాట. మరి ఏది?

ఈ ప్రశ్నకి నాకు దొరికిన మంచి కేసు ఉర్సులా కె. లెగ్విన్ రాసిన ఎర్త్‌సీ. ఎందుకంటే రచయిత్రి బతికుండగానే దాన్ని రెండుసార్లు తెరకెక్కించారు, రెండుసార్లూ ఆవిడ తన అభిప్రాయం దాచుకోలేదు.

లెగ్విన్ 1929లో కాలిఫోర్నియాలోని బర్క్లీలో పుట్టారు, 2018 జనవరిలో పోర్ట్‌లాండ్‌లో చనిపోయారు. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ పేరున్న ఆంత్రోపాలజిస్ట్. మొదటి ఎర్త్‌సీ నవల 1968లో వచ్చింది. వందల దీవుల ప్రపంచం, అందులో గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే ఒక కుర్రాడు. అక్కడ మంత్రం అంటే పేరు. దేని అసలు పేరు తెలిస్తే దానిమీద అధికారం వస్తుంది. అందుకే మనుషులు తమ అసలు పేరు ఎవరికీ చెప్పరు. మన కుర్రాడిని చిన్నప్పుడు డ్యూనీ అనేవారు, తర్వాత ఊరంతా స్పారోహాక్ అని పిలిచింది. పదమూడో ఏట ఒజియన్ అనే గురువు అతని చెవిలో అసలు పేరు చెప్తాడు: గెడ్. మన బారసాలలో కూడా చెవిలోనే పేరు చెప్తారు కదా, కానీ ఆ తర్వాత అదే పేరుతో అందరూ పిలుస్తారు. ఇక్కడ రివర్స్. మన భాషలో చెప్పాలంటే స్పారోహాక్ యూజర్‌నేమ్, గెడ్ పాస్‌వర్డ్.

2004 డిసెంబర్‌లో అమెరికాలో సై ఫై ఛానెల్ రెండు భాగాల మినీసీరీస్ వేసింది. అందులో ఈ రెండు పేర్లనీ తారుమారు చేశారు. అందరూ గెడ్ అని పిలుస్తారు, రహస్యమైన అసలు పేరేమో స్పారోహాక్! మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత ప్రోగ్రామర్ బుద్ధితో ఆలోచించాను: రెండు వేరియబుల్స్ పేర్లు అన్ని చోట్లా మార్చేస్తే ప్రోగ్రాం అలాగే రన్ అవుతుంది కదా, లాజిక్ చెడలేదుగా?

లాజిక్ చెడలేదు, నిజమే. కానీ నవల మళ్లీ తిరగేస్తే ఒకటి దొరికింది. ఊళ్లో వాళ్లు, స్కూల్లో వాళ్లు అతన్ని స్పారోహాక్ అంటారు. ఆ పేరు పెట్టిన రోజు నుంచి కథ చెప్పే గొంతు మాత్రం గెడ్ అంటుంది. అంటే పాఠకులకి అతని పాస్‌వర్డ్ తెలుసు. పక్కన నడిచేవాళ్లకి తెలియనిది మనకి తెలుసు. కుంగిపోయిన గెడ్‌కి స్నేహితుడు వెచ్ తన అసలు పేరు ఎస్టారియోల్ అని చెప్పేసే చోటు ఒకటుంది. సాయంగానో సలహాగానో కాదు, ఊరికే, నమ్మకంతో. అక్కడ నా గొంతు పట్టేసింది. ఎందుకంటే గెడ్ పేరుని అప్పటిదాకా నేనూ మోస్తున్నాను కదా. తెరమీద కథ చెప్పే గొంతు ఉండదు, ఎవరో ఒకరు అతన్ని పిలవాలి. ఆ ఇబ్బంది నాకు అర్థమైంది. కానీ శత్రువులు కూడా గెడ్ గెడ్ అని అరుస్తుంటే చూసేవాళ్లకంటూ మిగిలిన రహస్యం ఏముంది?

ఇక రంగు. లెగ్విన్‌కి అన్నిటికంటే కోపం తెప్పించింది ఇదే. నవలలో గెడ్ ఎరుపు కలిసిన గోధుమ రంగు మనిషి. వెచ్ ఇంకా నలుపు. తెల్లగా ఉండేవాళ్లు కార్గ్‌లు, మొదటి అధ్యాయంలో గాంట్ మీద దాడికొచ్చేది వాళ్లే. గెడ్ రంగుని ఆవిడ డప్పు కొట్టి చెప్పలేదు. మూడో అధ్యాయంలో వెచ్ ఎలా ఉంటాడో వర్ణిస్తూ, గెడ్‌లాగా, చాలామంది దీవులవాళ్లలాగా కాదు, అంతకంటే నల్లగా అని పోలికలో చెప్పి వెళ్లిపోతారు. అప్పటికే మనం గెడ్‌తో చాలా దూరం వచ్చేసి ఉంటాం. సినిమాకి ఆ సౌకర్యం లేదు, మొదటి ఫ్రేమ్‌లోనే రంగు కనపడాలి. మినీసీరీస్‌లో గెడ్‌గా షాన్ ఆష్‌మోర్ అనే తెల్ల నటుడు వేశాడు. ఒజియన్‌గా డానీ గ్లోవర్‌ని తీసుకున్నారు, అంతవరకు బాగుంది. వింతేమిటంటే నవలలో తెల్లగా ఉండే టెనార్ పాత్రకి, తల్లివైపు చైనా మూలాలున్న క్రిస్టిన్ క్రూక్‌ని పెట్టారు. నెగెటివ్ ఫిల్మ్ చూసినట్టుంటుంది! అదే నెలలో లెగ్విన్ 'స్లేట్' పత్రికలో వ్యాసం రాశారు. తన పాత్రల రంగులు మొదటినుంచీ తెలిసి, కావాలని పెట్టుకున్నవని స్పష్టం చేశారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. క్లబ్ కోసం ఆ వెచ్ పేజీని తెలుగు చేద్దామని కూర్చున్నా. నాది ఇంగ్లిష్ మీడియం తెలుగు, డిక్షనరీ పక్కన పెట్టుకునే పని. రంగు వాక్యం దగ్గర ఆగాను. "నల్లగా" అని రాసి కొట్టేశా. "చామనచాయ" అని రాశా. రూమ్మేట్ చూసి, "హీరో గురించి కదా, తీసేయరాదూ, కథకేం తేడా?" అన్నాడు. తీసేశాను. రెండు రోజుల తర్వాత లెగ్విన్ వ్యాసం చదివాను. కోట్లు పెట్టిన ఛానెల్ చేసిన పనే నేను ఫ్రీగా చేశాను, అదీ గెడ్ రంగులోనే ఉన్న నేను. పెళ్లి సంబంధాల ప్రకటనల్లో ఆ "చామనచాయ" ఎందుకు వాడతారో మనందరికీ తెలుసు.

రెండో అడాప్టేషన్ స్టూడియో జిబ్లీది, 'టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ', 2006. హయావో మియజాకి ఎనభైల్లోనే లెగ్విన్‌ని అడిగారు, ఆయనెవరో తెలియక ఆవిడ ఒప్పుకోలేదు. తర్వాత 'టోటోరో' చూసి మనసు మార్చుకున్నారు. తీరా అప్పటికి సినిమా కొడుకు గోరో చేతికి వెళ్లింది, అదే అతని మొదటి సినిమా. గోరో అడిగితే, మంచి సినిమానే, కానీ అది నా పుస్తకం కాదు, మీ సినిమా అన్న అర్థంలో మర్యాదగా చెప్పారు. తర్వాత వివరంగా రాశారు: చెడుని ఒక విలన్‌లో పెట్టి అతన్ని చంపేస్తే సమస్య తీరిపోయినట్టు చూపించారని.

ఈ విమర్శ రెండిటికీ వర్తిస్తుంది. మొదటి నవలలో విలన్ లేడు. పొగరుతో, జాస్పర్ ముందు గొప్ప చూపించుకోబోయి, గెడ్ ఒక నీడని వదులుతాడు. పారిపోతాడు, తర్వాత తనే దాన్ని వెంటాడతాడు. చివరికి సముద్రం మధ్యలో దానికి ఎదురై పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు కూడా గెడ్డే. గెలుపూ లేదు, ఓటమీ లేదు. మినీసీరీస్ దీనికి టైగాత్ అనే రాజుని, దండయాత్రని తగిలించింది. జిబ్లీ కాబ్‌ని విలన్ చేసి చంపింది. బాంబడిల్‌ని తీసేయడం వాడని ఫంక్షన్‌ని డిలీట్ చేయడం లాంటిది. ఇది అలా కాదు, ఫంక్షన్ ఇచ్చే జవాబునే మార్చేశారు.

మరి ఆవిడ ఎందుకు ఆపలేకపోయారు? కాంట్రాక్ట్‌లో ఆవిడ హోదా "కన్సల్టెంట్". అంటే నిర్మాతలు అడిగితే చెప్పొచ్చు, అడక్కపోతే లేదు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' స్క్రిప్ట్ రాసినవాళ్లలో ఒకరైన ఫిలిపా బోయెన్స్ రాస్తారని చెప్పారు కాబట్టే హక్కులు అమ్మారు. తర్వాత బోయెన్స్ లేరు, హక్కులు మాత్రం వెళ్లిపోయాయి. ఆ హక్కుల చిక్కువల్లే జిబ్లీ సినిమా కూడా అమెరికాలో 2010 దాకా విడుదల కాలేదు.

2019లో ఎర్త్‌సీని ఏ24 సంస్థ సీరీస్‌గా తీయబోతోందని వార్త వచ్చింది. ఎప్పుడొచ్చినా నేను మొదట చూసేది గ్రాఫిక్స్ కాదు, డ్రాగన్ కూడా కాదు. ఆ కుర్రాడిని వీధిలో జనం ఏమని పిలుస్తున్నారో వింటాను.

నా అనువాదం పేజీలో ఆ వాక్యం మళ్లీ పెట్టేశాను. గెడ్‌కి "రాగి రంగు" అని, వెచ్‌కి సూటిగా "నలుపు" అని రాశా. రూమ్మేట్‌కి రాగి నచ్చలేదు, చెంబు గుర్తొస్తోందట. ఇంతకంటే మంచి మాట తెలిస్తే క్లబ్ మెయిల్‌కి పంపండి, చామనచాయ మాత్రం వద్దు.