రాజుల జత చేతిలో ఉన్నా సరే... (ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: బళ్లారిలో జీన్స్ కుట్టే యూనిట్‌లో నాది కటింగ్ పని. రాత్రిళ్లు ఫోన్‌లో పోకర్ టోర్నమెంట్లు ఆడతాను. ఇప్పుడు డబ్బుతో కాదు, ఉత్త చిప్స్‌తోనే. రాజుల జతో ఆసుల జతో పడితే ఎవరెంత కొట్టినా వదల్లేను. అక్కడే నా టోర్నమెంటు అయిపోతుంది. మంచి ముక్కలు వదిలేయడం ఎలా అలవాటు చేసుకోవాలి?
- ఒక పాఠకుడు, కౌల్ బజార్

జవాబు: ముక్కలు పంచగానే రాజుల జత పారేయడం చాలాసార్లు తెలివి కాదు, పిరికితనం. తొమ్మిది మంది ఆడుతున్న టేబుల్‌లో మీకు రాజుల జత పడ్డప్పుడు ఇంకొకరి దగ్గర ఆసుల జత ఉండేది నూటికి నాలుగుసార్లే. ఆ నాలుగుకు భయపడి మిగతా తొంభై ఆరూ పోగొట్టుకోకండి.

నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి సంగతి. మధ్యలో మూడు ముక్కలు తెరిచారు: ఇస్పేటు ఆసు, ఆటీను తొమ్మిది, కళావరు నాలుగు. (రాజుల జత పట్టినవాడికి ఈ మూడింట్లో ఆసు ఎదురయ్యేది నూటికి 22 సార్ల పైనే.) మీరు కొట్టారు. గంట నుంచీ వచ్చినవన్నీ ఫోల్డ్ చేస్తున్న మనిషి కాల్ చేశాడు. నాలుగో ముక్క ఏడు. మళ్లీ కొట్టారు, మళ్లీ కాల్. ఐదోది రెండు. మీరు చెక్ అన్నారు, అతను పాట్‌లో ఎంతుందో అంతా ఒక్కసారి కొట్టాడు.

ఇక్కడ మీ రాజులను చూసుకుని మురవకండి. నాకంటే చిన్న ముక్కలతో ఈ మనిషి ఇంత పెడతాడా అని అడగండి. పాట్‌లో 6,000 ఉంటే అతను ఇంకో 6,000 వేశాడు. మీరు 6,000 పెడితే దక్కేది ఆ 12,000. అంటే ఇలాంటి చోట మూడింట ఒకసారైనా మీ చెయ్యి గెలవాలి. అంత ఓపికస్తుడి మీద అన్నిసార్లు గెలుస్తారని నాకు నమ్మకం లేదు. వదిలేయండి. ఏం వచ్చినా కొట్టే దూకుడు మనిషైతే మాత్రం అదే రాజులతో కాల్ చేయమంటాను.

రమ్మీ తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో అయితే 40, మొండికేసి ఓడితే ఫుల్ కౌంట్ 80. పెళ్లి విడిదిలో పెద్దవాళ్లు చేతిలో జోకరున్నా వరస కుదిరేలా లేకపోతే ఇరవై రాయించుకుని టీకి లేచిపోతారు.

ఇక ఆసుల జత. దాన్ని కూడా పంచగానే వదలాల్సిన చోటొకటుంది, శాటిలైట్. పెద్ద టోర్నమెంటుకు పది టికెట్లు, అన్నీ సమానమే. పదకొండు మంది మిగిలారు. చిప్స్‌లో మీరు మూడోవారు. అడుగున ఇద్దరి దగ్గర ఒక్క బ్లైండుకైనా చాలినన్ని లేవు. మీకంటే పెద్ద స్టాక్ ఉన్నవాడు ఆల్-ఇన్ అన్నాడు. అతని ముక్కలేవో తెలియకపోయినా, మీ ఆసులు సగటున నూటికి 85 సార్లు గెలుస్తాయి. గెలిస్తే వచ్చేదేమిటి? అదే టికెట్. ఊరికే కూర్చున్నా దాదాపు ఖాయంగా వచ్చేదాన్ని పందెంలో పెట్టడమెందుకు? మామూలు టోర్నమెంటులో ఇంత తీవ్రంగా ఉండదు గానీ, బబుల్ దగ్గర, అంటే బహుమతుల గీతకు కాస్త ముందు, పోయే చిప్స్ విలువ వచ్చే చిప్స్ కంటే ఎప్పుడూ ఎక్కువే. చిప్స్‌ను బహుమతి విలువలోకి మార్చి చూసే ఐసీఎం లెక్కలన్నీ చెప్పేది ఇదే.

ఆట అయ్యాక హ్యాండ్ హిస్టరీ తెరవండి. ఓడిన చేతులే కాదు, వదిలేసినవీ చూడండి.

ప్రశ్న: రాయదుర్గంలో యాప్ తెరుచుకోకపోతే బళ్లారికొచ్చి ఆడేవాళ్లం. పోకర్ నైపుణ్యం ఆట అని కోర్టులే అన్నాయి కదా, ఇప్పుడెందుకు మూశారు?
- ఒక పాఠకుడు, రాయదుర్గం

జవాబు: ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. కర్ణాటక 2021లో అలాంటి నిషేధంతోనే తెచ్చిన చట్ట సవరణను అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టేసింది. అందుకే మీకు ఆ బస్సు ఛార్జీలు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో సరిహద్దుకు ఇటూ అటూ తేడా పోయింది. నైపుణ్యమా, అదృష్టమా అని అది చూడదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఈ చట్టంలో ఆడినవారికి శిక్ష లేదు. చట్టాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టుకు చేరాయి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని సికింద్రాబాద్ క్లబ్బు కేసులో అదే కోర్టు ఎప్పుడో చెప్పిన మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని ఈరోజు డిపాజిట్ చేయకండి.

ప్రశ్న: మా వారికి టెలిగ్రామ్‌లో ఎవరో ఏజెంటు విదేశీ యాప్ ఇచ్చాడు. పోయిందంతా రాబట్టాకే ఆపుతానంటారు. ఏం చేయను?
- ఒక సోదరి, సిరుగుప్ప

జవాబు: అమ్మా, పోకర్ పాఠాలు ఆయనకు పనికిరావు. జూదంలో అన్నీ పోగొట్టుకున్న నలుడి కథను ‘చిత్రనళీయం’ నాటకంగా ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసింది మీ బళ్లారిలోనే. ఆ కథలో అతని భార్య దమయంతి మొర కూడా ఆట మధ్యలో పనిచేయలేదు. కాబట్టి ఆయన ఆడుతుండగా వాదించకండి. జీతం పడే ఖాతాకు యూపీఐ తీయించండి. అప్పులు ఎవరెవరికో కాగితం మీద రాయించండి, కొత్త అప్పుకు సంతకం పెట్టకండి. ఆయన ఒప్పుకుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఇద్దరూ కలిసి ఫోన్ చేయండి, తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడతారు, ఉచితం. ఏజెంటు డబ్బు కాజేశాడని తెలిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.