కొత్త ఎయిర్ రైఫిల్, ఫ్రీ స్కోప్... ఇరవై షాట్లకే గురి ఎందుకు పక్కకి పోతోంది?

మొబైల్ కొంటే టెంపర్డ్ గ్లాస్ ఫ్రీ ఇచ్చినట్టు, బడ్జెట్ ఎయిర్ రైఫిల్‌తో పాటు ఒక 4×32 స్కోప్, రెండు రింగులు కలిపి ఇచ్చే కాంబోలు ఉంటాయి. పెట్టె విప్పుతాం, స్కోప్ బిగిస్తాం, జీరో చేస్తాం. మొదటి ఐదారు షాట్లు బాగానే పడతాయి. ఇరవయ్యో షాట్‌కి వచ్చేసరికి రంధ్రాలన్నీ ఒక పక్కకి జరిగిపోయి ఉంటాయి. టరెట్ తిప్పి సరిచేస్తే కాసేపటికి మళ్లీ అదే కథ. ఇక్కడ చాలామంది చేసే పని ఏంటంటే, స్కోప్‌ని తిట్టుకుని ఇంకా పెద్ద స్కోప్ కొనడం. దాంతో సమస్య పెరుగుతుంది తప్ప తగ్గదు. ఎందుకంటే ఎక్కువసార్లు తేడా ఉండేది స్కోప్‌లో కాదు, స్కోప్‌కీ రైఫిల్‌కీ మధ్య ఉన్న జాయింట్‌లో.

అసలు వేట రైఫిల్ సంగతేంటి?

మన దేశంలో లైసెన్స్ మీద దొరికే చవక వేట రైఫిల్ అంటే చాలాకాలంగా .315 బోరే. పశ్చిమ బెంగాల్‌లోని ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారీ. లోపల మెకానిజం పాత లీ ఎన్‌ఫీల్డ్‌ది. ఇది ఇనుప సైట్లతోనే వస్తుంది, స్కోప్ కోసం రైలు గానీ రంధ్రాలు గానీ ఉండవు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు ఇదే కుటుంబంలోని నంబర్ 4 రైఫిల్‌ని స్నైపర్‌గా మార్చినప్పుడు, రిసీవర్ ఎడమ పక్కన స్టీల్ ప్యాడ్లు స్క్రూలతో బిగించి, ఆ స్క్రూలు తిరిగి వదులవకుండా అంచుల్లో పొడిచి లాక్ చేశారు. అంటే స్క్రూ వదులైపోవడం అనేది బడ్జెట్ కస్టమర్‌కి మాత్రమే వచ్చిన తలనొప్పి కాదన్నమాట. ఇంటి దగ్గర లేత్ వర్క్‌షాప్‌లో .315కి రంధ్రాలు వేయించే ఆలోచన మాత్రం వద్దు. ఆయుధం మీద పని చేయడానికి ఆ వర్క్‌షాప్‌కి కూడా లైసెన్స్ ఉండాలి.

ఇక వేట విషయానికొస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ చాప్టర్ మూసుకుపోయింది. పైగా మన ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనిపించింది కడప జిల్లా పొదల్లోనే. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం పెట్టింది, కృష్ణ జింకలూ అక్కడ ఉన్నాయి. శెనక్కాయ చేనుని అడవి పందులు తవ్వేస్తున్నాయంటే ఆ బాధ నిజమే, కానీ వెళ్లాల్సింది అటవీ శాఖ ఆఫీసుకి. 4.5 మి.మీ. పెల్లెట్ పందిని ఆపదు, గాయం చేసి ఉసిగొల్పుతుంది అంతే. కాబట్టి ఇక్కడ మాట్లాడేదంతా కాగితం టార్గెట్ గురించే.

2016 ఆయుధాల నియమాల ప్రకారం 4.5 మి.మీ. (అంటే 0.177 అంగుళాల) బోర్, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. ఇక్కడ ఒక స్పెక్ షీట్ ట్రిక్ ఉంది. మామూలు సీసం పెల్లెట్ బరువు 0.51 గ్రాములు అనుకుంటే, సెకనుకి 280 మీటర్ల వేగంలో దాని శక్తి సరిగ్గా 20 జౌల్స్. మరి పెట్టె మీద 'సెకనుకి 1000 అడుగులు' అని, అంటే 305 మీటర్లు అని ఎలా వేస్తారు? 0.34 గ్రాముల తేలికపాటి పెల్లెట్‌తో కొలిస్తే లెక్క 16 జౌల్స్ దగ్గరే ఆగుతుంది, నంబర్ మాత్రం పెద్దగా కనిపిస్తుంది. కెమెరాకి 108 మెగాపిక్సెల్ అని రాసినట్టే. రోజూ వాడే పెల్లెట్‌తో ఆ వేగం రాదు.

రెండు వైపులా కొట్టే దెబ్బ

బడ్జెట్ ఎయిర్ రైఫిల్ దాదాపు ఎప్పుడూ స్ప్రింగ్ పిస్టన్ రకమే. బ్యారెల్ మడిచి లాగితే లోపల బలమైన స్ప్రింగ్ నొక్కుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకి దూకుతుంది, దానికి బదులుగా రైఫిల్ వెనక్కి వస్తుంది. మరుక్షణం పిస్టన్ సిలిండర్ చివర నొక్కుకున్న గాలిని గుద్దుకుని ఆగుతుంది. అప్పుడు రైఫిల్ ఒక్కసారిగా ముందుకి కుదుపుతుంది. మందుగుండు రైఫిల్‌కి దెబ్బ ఒకే వైపు, వెనక్కి. దీనికి రెండు వైపులా, అదీ చాలా పదునుగా.

రైఫిల్ ముందుకి కుదిపినప్పుడు పైనున్న స్కోప్ జడత్వం వల్ల ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. అంటే రైఫిల్‌తో పోలిస్తే స్కోప్ వెనక్కి జారుతుంది. ప్రతి షాట్‌కీ వెంట్రుకంత. దీన్నే స్కోప్ క్రీప్ అంటారు. పెద్ద స్కోప్ అంటే ఎక్కువ బరువు, ఎక్కువ జడత్వం, ఎక్కువ జారుడు. ఫ్రీ స్కోప్ తీసి అంతకు రెట్టింపు బరువున్నది పెడితే ఎందుకు ఇంకా పాడవుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

స్కోప్ లోపలా ఒక కథ ఉంది. టరెట్ తిప్పితే కదిలేది లోపల తేలుతున్నట్టుండే ఒక చిన్న గొట్టం. ఒక పక్క టరెట్ స్క్రూలు, ఇంకో పక్క చిన్న స్ప్రింగ్ దాన్ని పట్టుకుంటాయి. ఫోన్ కెమెరాలోని ఓఐఎస్‌ని గుర్తు చేసుకోండి. బైక్ హ్యాండిల్‌కి ఐఫోన్ బిగిస్తే ఇంజిన్ వైబ్రేషన్‌కి ఓఐఎస్ దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ కంపెనీయే హెచ్చరించింది. ఇక్కడా అంతే. చవక స్కోప్‌లో ఆ స్ప్రింగ్ బలహీనం, లెన్సులు ఒక వైపు దెబ్బకే బిగించి ఉంటాయి. అందుకే కొనేటప్పుడు 'ఎయిర్‌గన్ రేటెడ్' అని ఉందా లేదా అనేది మ్యాగ్నిఫికేషన్ కంటే ముందు చూడాలి. ఆ తర్వాత పారలాక్స్. మందుగుండు రైఫిల్ స్కోప్‌ని సాధారణంగా 100 గజాలకి సెట్ చేసి పంపిస్తారు. 10 మీటర్ల దగ్గర బొమ్మ మసగ్గా ఉంటుంది, కన్ను కొంచెం పక్కకి జరిగితే గుర్తు కూడా జరిగినట్టు కనిపిస్తుంది.

ఒక కాగితం మందం ఎంత ఖరీదు?

రెండు రింగుల మధ్య దూరం 100 మి.మీ. అనుకుందాం. వెనక రింగు 0.1 మి.మీ. పైకి లేచింది. అంటే ఒక ఏ4 కాగితం మందం. వెయ్యిలో ఒక వంతు వంపు. ఆ వంపు 10 మీటర్ల దూరంలో 10 మి.మీ. తేడాగా బయటపడుతుంది. ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ మొత్తం 45.5 మి.మీ. వెడల్పు, మధ్యలో పది పాయింట్ల చుక్క 0.5 మి.మీ. మాత్రమే. కాగితం మందమంత వదులు ఉంటే ఆ చుక్కకి బాగా దూరం వెళ్లిపోయినట్టే. పావు నిమిషం కోణం చొప్పున తిరిగే టరెట్ ఒక్క క్లిక్‌తో 10 మీటర్ల దగ్గర 0.7 మి.మీ. చిల్లరే కదిలిస్తుంది. అంటే ఆ వదులుని దాచడానికి పద్నాలుగు క్లిక్‌లు తిప్పుతున్నారు. తర్వాత షాట్‌కి అది మళ్లీ మారిపోతుంది. (ఆ ఒలింపిక్ పోటీలో స్కోప్‌కి అసలు అనుమతే లేదు, రంధ్రంలోంచి చూసే పీప్ సైటే వాడతారు. ఇది ఊరికే చెప్పట్లేదు, కింద పనికొస్తుంది.)

తేడా ఎక్కడుందో పట్టుకోవడం

ముందు స్కోప్ పూర్తిగా తీసేయండి. రైఫిల్‌తో వచ్చిన మామూలు సైట్లతో పది షాట్లు కొట్టండి. అవి దగ్గరగా పడితే రైఫిల్ బాగున్నట్టే, నేరం స్కోప్‌దో మౌంట్‌దో. అవీ చెల్లాచెదురైతే స్కోప్ మార్చి లాభం లేదు. స్టాక్ స్క్రూలు చూడండి. మన దగ్గర ఎండాకాలం గాలిలో తేమ ఉండదు, చెక్క కుంచించుకుపోతుంది, వర్షాకాలంలో గట్టిగా ఉన్న స్క్రూ మే నెలలో పావు చుట్టు తిరిగిపోతుంది. తర్వాత బ్యారెల్ మడిచే కీలు. బ్యారెల్ మూసి, రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, చేత్తో అటూ ఇటూ ఆడించండి. చప్పుడు వచ్చినా, కదిలినా ప్రతి షాట్‌కీ బ్యారెల్ కొత్తచోట కూర్చుంటోందని అర్థం.

రైఫిల్ పాసైతే స్కోప్ మళ్లీ బిగించి, రింగు అంచున, రైలు మీద కలిసేలా గోరు రంగుతో సన్నని గీత గీయండి. ముప్పై షాట్ల తర్వాత గీత విడిపోయిందా, మౌంట్ జారుతోంది. గీత అలాగే ఉండి, రంధ్రాలు ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ రెండు గుంపులుగా పడుతున్నాయా, స్కోప్ లోపలి స్ప్రింగ్ పోయింది. దానికి రిపేర్ లేదు. గుంపు మొత్తం ఒకే దిక్కుగా నెమ్మదిగా నడుస్తుంటే దాదాపు ఎప్పుడూ మౌంటే.

బిగించడంలో చేసే తప్పులు

రైలు ఏ సైజో చూడకుండా రింగులు కొనడం మొదటిది. ఎయిర్ రైఫిల్ మీద సాధారణంగా 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఎక్కువ దొరికేవి 20 మి.మీ. పికాటినీ రింగులు. మధ్యలో అడాప్టర్ పెడితే ఇంకో జాయింట్, ఇంకో వదులు. విడి రింగుల కంటే ఒకే ముక్క మౌంట్ మంచిది, అందులోనూ కింద స్టాప్ పిన్ ఉన్నది. రైఫిల్ పైన ఆ పిన్ కోసం చిన్న గుంత ఉంటుంది. పిన్ అందులో దిగితే మౌంట్ వెనక్కి జారడానికి దారే ఉండదు. నన్నడిగితే, డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

కొత్త రైలు మీద ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, దాని మీదే బిగిస్తే జారక ఏం చేస్తుంది? మొబైల్ రిపేర్ షాపులో బోర్డు కడగడానికి వాడే ఐపీఏతో రైలు, రింగులు, స్క్రూలు తుడవండి. క్లాంప్ స్క్రూలకి నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక చుక్క. ఎరుపుది వద్దు, తర్వాత తీయాలంటే వేడి చేయాలి. రింగు పైమూత స్క్రూలని ఒకటి పూర్తిగా, ఇంకోటి తర్వాత కాకుండా, కారు చక్రం నట్లలా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. సుమారు 2 న్యూటన్ మీటర్లు చాలు. అంతకుమించి బలం చూపిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోయి లోపలి గొట్టం ఇరుక్కుంటుంది.

ఇన్ని చేసినా టరెట్ పైకి చివరిదాకా తిప్పితే గానీ గురి కుదరట్లేదంటే అది బ్యారెల్ డ్రూప్. మడిచే రైఫిళ్లలో బ్యారెల్ ముక్కు కొంచెం కిందికి వాలి ఉండటం మామూలే. టరెట్ చివరిదాకా వెళ్తే లోపలి స్ప్రింగ్ మీద ఒత్తిడి మిగలదు, గురి తేలుతూ ఉంటుంది. వెనక రింగు కింద ఫిల్మ్ నెగటివ్ లాంటి సన్నని పొర పెట్టడం పాత చిట్కా, డ్రూప్ సరిచేసే మౌంట్ కొనడం శుభ్రమైన పద్ధతి. లేదంటే స్కోప్ పక్కన పెట్టి పీప్ సైట్ బిగించండి. పైన చెప్పిన ఒలింపిక్ వాళ్లు 10 మీటర్లలో దాంతోనే నెట్టుకొస్తున్నారు.

టార్గెట్ ఎక్కడ పెట్టాలి

మన ఊళ్లలో ఇది ప్రత్యేకంగా చెప్పాలి. దొడ్లో కంచెకి కడప బండ, అరుగుకి బేతంచెర్ల బండ, ఎటు చూసినా రాయే. బండ ముందు కాగితం అతికించి కొడితే పెల్లెట్ ముక్కలు తిరిగి మీ ముఖం వైపే వస్తాయి. ఉక్కు బీబీలైతే ఇంకా దారుణం, దాదాపు వచ్చిన వేగంతోనే వెనక్కి ఎగురుతాయి. గోనె సంచిలో పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనక మందపాటి చెక్క పెట్టండి. మట్టి నింపితే రాళ్లు ఏరి జల్లెడ పట్టిన మట్టే నింపాలి. కొట్టేవాళ్లూ చూసేవాళ్లూ కళ్లద్దాలు పెట్టుకోవాలి. జీరో కుదరని స్కోప్‌తో కొత్తలో కొట్టే షాట్లు కాగితానికి అడుగు పక్కన కూడా పడొచ్చు కాబట్టి, సంచి కాగితం కంటే బాగా పెద్దదిగా ఉండాలి. మొదటి షాట్లు ఐదు మీటర్ల నుంచి మొదలుపెట్టి, గుంపు మధ్యకి వచ్చాక పది మీటర్లకి వెళ్లండి.