కోచ్ గదిలో జరిగేది మాటే

ప్రశ్న: మాది బండారులంక. పెళ్లై రెండేళ్లు. దగ్గరయ్యేసరికి నాకు కంగారు. ఆ తర్వాత ఇద్దరం ముఖాలు చూసుకోం. సెక్స్ కోచ్ దగ్గర ఏం చేస్తారండీ? ఊళ్లో తెలిస్తే పరువు పోతుందేమో!

జవాబు: అక్కడ జరిగేది మాటే. బట్టలు విప్పమన్నా, ముట్టుకోబోయినా లేచి వచ్చేయండి. కంగారు ఎక్కడ మొదలవుతోందో అడిగి తెలుసుకుని, ఇంటి దగ్గర చెయ్యాల్సినవి చెబుతారు. 1970లో అమెరికాలో పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ పుస్తకంగా రాసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది: కొన్నాళ్లు కలయిక మానేసి, స్పర్శతోనే ఆగడం. మొదట చేతులు, వీపు. కొన్ని రోజులయ్యాకే మిగతావి. పరీక్షే లేదన్నాక తప్పుతామన్న భయమెందుకు? చాలామందికి సగం కంగారు ఇక్కడే దిగుతుంది.

అయితే కోచ్ డాక్టరు కాదు. అంగస్తంభన ఇబ్బందైతే షుగరు, బీపీ ముందు పక్కనున్న అమలాపురంలో డాక్టరుకు చూపించుకోండి. మన దేశంలో ఈ పనికి ప్రత్యేక లైసెన్సు లేదు, ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. అందుకే నా ఓటు సైకియాట్రిస్టుకో, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టుకో. పరువంటారా, వీడియో కాల్లో మాట్లాడండి. మీది నేత ఊరేగా, వీధి మగ్గాల చప్పుడులో ఎవరికీ వినపడదు! కంగారు మరీ ఎక్కువైతే మానసిక సాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం. కోచ్‌తో మాట్లాడేటప్పుడు మీ ఆవిడను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.