చిన్న దీపము – పెద్ద నష్టము

విమానము నడుపు వారికి మొదట నేర్పు పాఠమిది: ఏ చిక్కు వచ్చినను ముందు విమానమును నడుపవలెను, తక్కిన పనులు తరువాత చూచుకొనవలెను. ఈ పాఠము మరచినందువలన కలిగిన నష్టమును తెలిసికొందము.

1972 డిసెంబరు 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వారి 401 సంఖ్య గల విమానము న్యూయార్కు నుండి అమెరికాలోనే ఉన్న మయామీకి పోవుచుండెను. అందులో 176 మంది ఉండిరి. దిగబోవు సమయమున ముందు చక్రము దిగి బిగిసినదని తెలుపు పచ్చదీపము వెలుగలేదు. కెప్టెను దిగుట మాని, 2000 అడుగుల ఎత్తునకు పోయి, ఆ ఎత్తును నిలిపి ఉంచుటకు ఆటోపైలెటును పెట్టించెను. ఇంతవరకు తప్పేమియు లేదు.

తప్పు తరువాత వచ్చినది. కెప్టెనును, అతని సహాయ పైలెటును ఆ దీపమును ఊడదీసి మరల బిగించుటలో మునిగిపోయిరి. ఇంజనీరు చక్రమును చూచుటకు నేలక్రింది అరలోనికి దిగెను. వారితోనున్న సంస్థ మరమ్మతు నిపుణుడును అదే పనిమీద పోయెను. నలుగురికిని పని యున్నది. ఎత్తును చూచు పని మాత్రము ఎవరికిని లేదు.

ఇంతలో, తెలియకయే కంట్రోలు కఱ్ఱపై ఒత్తిడి పడుటచే, ఎత్తును నిలుపు ఏర్పాటు తొలగినది. విమానము మెల్లమెల్లగా దిగసాగెను. ఎత్తు తప్పినదని తెలుపు గంట ఇంజనీరు బల్లవద్ద మ్రోగినది. వినవలసిన వాడు అక్కడ లేడు. క్రింద చిత్తడి నేల, చిమ్మచీకటి. దిగుచున్నామని తెలుపుటకు ఒక్క వెలుగైనను లేదు. రాడారులో 900 అడుగులని కనిపించినప్పుడు నేలమీది కంట్రోలరు ఎట్లున్నదని మాత్రమే అడిగెను, ఎత్తుమాట ఎత్తలేదు. కొద్ది క్షణములలో విమానము ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలెను. 101 మంది మరణించిరి.

విచారణలో తేలినదేమి? ముందు చక్రము సరిగానే దిగియున్నది. దీపపు బల్బులు మాడిపోయినవి, అంతే! చివరి నాలుగు నిమిషములు ఎవరును పరికరములను కనిపెట్టి చూడకపోవుటయే ప్రమాద కారణమని తేల్చిరి.

1974లో షార్లట్ వద్ద మరియొక విమానము దిగబోవుచు కూలెను. అప్పుడు పైలెట్లు పనికి సంబంధింపని కబుర్లలో నుండిరి. ఇట్టి అనుభవములవలన 1981లో అమెరికా ప్రభుత్వము ఒక నియమము చేసినది. ఎక్కునప్పుడును దిగునప్పుడును, 10,000 అడుగులకు లోపల, విమానము నడుపుటకు అవసరము కాని మాటగాని పనిగాని కూడదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి:
1. చిక్కు వచ్చినప్పుడు పని పంచుకొనవలెను. ఒకడు తప్పక విమానమునే చూచుచుండవలెను.
2. యంత్రమునకు పని అప్పగించినను, కన్ను అప్పగింపరాదు.
3. అనుమానము కలిగినవాడు చుట్టు త్రిప్పక, సూటిగా అడుగవలెను.

దుకాణములో రూపాయి క్రింద పడినదని అందరును వంగి వెదకుచుండిన, గల్లాపెట్టెను కనిపెట్టువారెవరు?