నాలుగు వేళ్ళకీ అంటాలి

ఉపమాక

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం. మీ పెద్దమ్మ మోకాళ్ళు కాస్త సర్దుకున్నాయి. నీ సంగతే నాకు కుదురుగా లేదు. మొన్న అడ్డరోడ్డులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద డ్రైవరొకడు చెబుతున్నాడు. సుంకి దాటి సాలూరు వైపు దిగుతుంటే మలుపులో ఒక పది టైర్ల బండి ఆగిపోయిందట. క్రాసు విరిగి షాఫ్టు రోడ్డు మీద పడిందట. డ్రైవరు గాజువాక కుర్రాడట. బండి నంబరు అడిగాను. నీదే.

ఫోను చేస్తే, "చిన్న రిపేరే పెదనాన్నా, అయిపోయింది" అన్నావు. గ్రీజు ఎప్పుడు కొట్టించావురా అంటే, "సర్వీసింగులో వాళ్ళే కొట్టేస్తారు, గ్రీజంటే గ్రీజే కదా" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం హారన్లలో పోతుంది, మిగతా సగం నువ్వు "సరే సరే" అనేస్తావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. లోడు దించేదాకా ఖాళీగా కూచున్నప్పుడు చదువుకో.

ముందు ఇది చెప్పు. ఒంటికి దెబ్బలేవీ తగల్లేదు కదా? కోడలికి ఏడో నెల. ఆవిడకి ఈ సంగతి తెలియనివ్వలేదని మీ పెద్దమ్మతో అన్నావట, మంచి పని చేశావు. కానీ నాకు దాచకు.

షాఫ్టు పడితే బండి ఆగిపోతుంది, అంతే కదా అనుకుంటారు కుర్రాళ్ళు. చదును రోడ్డు మీద అంతే. ఘాట్‌లో అలా కాదు. దిగుడులో లోడు బండిని పట్టి ఉంచేది ముందు ఇంజను, తర్వాతే బ్రేకు. షాఫ్టు తెగిన మరుక్షణం ఇంజనుకీ చక్రాలకీ సంబంధం లేదు. నువ్వు ఏ గేరు వేసినా ఒకటే. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఊడిన షాఫ్టు తిరుగుతూ పక్కనున్న గాలి పైపులకి తగిలిందా, ఆ బ్రేకులకీ భరోసా ఉండదు. పది టైర్ల బండి మొత్తం బరువుని 2018లో 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెంచారు. కిరాయి పెరుగుతుందని అందరం సంతోషించాం. ఆ పెరిగిన మూడున్నర టన్నుల్ని ఎక్కుడులో మొదటి గేరులో లాగేటప్పుడు, ఆ లాగుడంతా షాఫ్టుని కలిపే, అరచేతిలో పట్టే క్రాసు మీదుగానే వెనక చక్రాలకి పోతుందని ఎవరూ అనుకోలేదు.

క్రాసుని ఎప్పుడైనా విప్పి చూశావా? కూడిక గుర్తులా ఉంటుంది. నాలుగు కొమ్మలు. కొమ్మకో గిన్నె. గిన్నె లోపల చుట్టూ సన్నటి సూది బేరింగులు. ఇన్నిటికీ కలిపి గ్రీజు ఎక్కించే నిప్పల్ ఒక్కటే. అందులోంచి పోయిన గ్రీజు లోపలి సన్నటి దారుల్లో నాలుగు వైపులకీ చేరాలి. గ్రీజు ఎటు సులువుగా ఉంటే అటే పోతుంది. ఒక గిన్నె సీలు వదులైతే అక్కడినుంచే బయటికి వచ్చేస్తుంది. గ్రీజు గన్ను పట్టినవాడు అది చూసి "వచ్చేసింది, నిండిపోయింది" అని లేచిపోతాడు. మిగతా మూడు గిన్నెలూ ఎండిపోయే ఉంటాయి.

పైగా ఆ సూదులు చక్రం బేరింగుల్లా గుండ్రంగా తిరిగేవి కావు. షాఫ్టు వంపుని బట్టి కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ ఊగుతాయి, అంతే. ఉన్నచోటే రాసుకుంటాయి. పాత గ్రీజు అక్కడే నలిగిపోతుంది. తడి చేరిందంటే ఎర్రటి తుప్పు పొడి తయారవుతుంది. ఎరువు లోడు మోసే బండికి ఆ తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. నీ విరిగిన క్రాసు ఇంకా పారెయ్యకపోతే గిన్నెలు తీసి చూడు. నాలుగూ ఒకేలా అరిగి ఉండవు. ఒకటి ఎర్రగా, సూదుల అచ్చులు గాట్లుగా పడి ఉంటుంది. గ్రీజు అందనిది అదే.

నేను క్లీనరుగా చేరిన కొత్తల్లో మా షెడ్డులో ఒక పెద్ద మేస్త్రీ ఉండేవాడు. అనకాపల్లి నుంచి ఒరిస్సాకి బెల్లం లోడ్లు ఎత్తేవాళ్ళం. పొద్దున్నే నాలుగింటికి లాంతరు పెట్టుకుని బండి కిందకి దూరి గ్రీజు కొట్టాలి. బయటికి వచ్చాక ఆయన చెయ్యి చూపించమనేవాడు. ఒక్కో గిన్నె దగ్గర బయటికి వచ్చిన గ్రీజుని ఒక్కో వేలికి రాసుకుని రావాలి. నాలుగు వేళ్ళకీ అంటితేనే ఒక క్రాసు అయినట్టు. మూడు వేళ్ళతో వస్తే మాట్లాడకుండా బండి కిందకి వేలు చూపించేవాడు. వేళ్ళకి అంటినదాన్ని లాంతరు దగ్గర పెట్టి, రెండు వేళ్ళ మధ్య నలిపి, కొత్తదా పాతదా చెప్పేవాడు. నల్లగా, ఇసుకగా ఉంటే ఇంకా కొట్టమనేవాడు. పంపులోంచి వచ్చిన రంగే గిన్నె దగ్గరా కనపడేదాకా ఒప్పుకునేవాడు కాదు.

ఆయన కోపిష్టని అందరూ అనేవాళ్ళు. కానీ నాకు జ్వరం వచ్చినప్పుడు ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గర బండి పక్కన పెట్టించి, గంజి కాయించి, తనే తాగించాడు. చదువు రాదు. అయినా ఏ బండి శబ్దం విన్నా ఎక్కడ ఎండిందో చెప్పేవాడు. ఇన్నేళ్ళయినా క్రాసు మాట వస్తే నాకు ఆయన చెయ్యే గుర్తొస్తుంది. నువ్వు ఆయన దగ్గర పని నేర్చుకుని ఉంటే బాగుండేదిరా.

సరే, నువ్వు చెయ్యవలసింది విను. బండిని చదునులో నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టు. తాళం నీ జేబులో ఉండాలి. నువ్వు కింద ఉన్నప్పుడు క్యాబిన్‌లో ఎవడూ ఉండకూడదు. నిప్పల్‌ని గుడ్డతో శుభ్రంగా తుడువు. దాని మీది ఇసుకని తుడవకుండా గన్ను పెడితే గ్రీజుతోపాటు ఇసుకనీ నువ్వే లోపలికి పంపినట్టు. చేతి గన్నుతో నిదానంగా కొట్టు. గాలి పంపు జోరుకి సీళ్ళు తిరగబడతాయి, ఎక్కడ వచ్చిందో ఎక్కడ రాలేదో చూసే తీరికా ఉండదు. నాలుగు గిన్నెలనీ వేలితో తడుము. ఒకటి రాకపోతే షాఫ్టుని చేత్తో అటూ ఇటూ కదిపి మళ్ళీ కొట్టు. అప్పటికీ రాకపోతే ఆ గిన్నెని కొద్దిగా వదులు చేసి దారి ఇచ్చి చూడు, తర్వాత మళ్ళీ బిగించు. అప్పటికీ రాలేదంటే ఆ క్రాసు మార్చెయ్యి. మూడు గిన్నెలు బాగున్నాయి కదా అని ఘాట్ ఎక్కకు. నాలుగోదే నిన్ను రోడ్డు మీద పడేస్తుంది. ఈ మాట ఎన్నిసార్లు రాసినా నాకు సరిపోదు.

తిన్నావా? సాలూరులో హోటలు భోజనం కారంగా ఉంటుందని ఒకసారి అన్నావు. పెరుగు వేయించుకో. రాత్రి రెండు దాటాక స్టీరింగు పట్టకు. సాలూరు లారీల ఊరు, రోడ్డు పక్కన నిలుపుకోవడానికి చోటుకి కరువు లేదు. రెండు గంటలు పడుకుని బయల్దేరు.

ఇంక "గ్రీజంటే గ్రీజే" అన్నావే, దాని సంగతి. గ్రీజులో పని చేసేది నూనె. ఆ నూనెని జారిపోకుండా పట్టి ఉంచేది సబ్బు. ఏ సబ్బు అన్నదాన్ని బట్టి గుణం మారుతుంది. మా రోజుల్లో చాసిస్‌కి కాల్షియం గ్రీజు, చక్రాలకి సోడియం గ్రీజు. మొదటిది నీటికి ఓర్చేది, వేడికి కరిగిపోయేది. రెండోది వేడికి ఓర్చేది, నీటికి కొట్టుకుపోయేది. ఒక వానాకాలం తాండవ నది పొంగి తుని దగ్గర నీళ్ళు రోడ్డెక్కాయి. బళ్ళన్నీ ఆ నీళ్ళలోంచే దాటాయి. తర్వాత హబ్బులు విప్పితే గ్రీజు లేదు, తెల్లటి నురగ ఉంది. మేస్త్రీ ఒక్క బండినీ కదలనివ్వలేదు. ఓనర్లు కేకలు వేశారు. ఆయన కూచున్నచోటినుంచి లేవలేదు. చివరికి అన్నీ కడిగి కొత్తది పట్టించాకే లోడ్లు కదిలాయి. 1942లో అమెరికాలో పేటెంటు పొందిన లిథియం సబ్బు గ్రీజు మా షెడ్డుదాకా వచ్చాకే ఆ బాధ తీరింది. అది నీటికీ ఓరుస్తుంది, వేడికీ ఓరుస్తుంది. దాదాపు 180 డిగ్రీల దాకా కారిపోదు.

అందుకని డబ్బా మీద మూడు చూడు. లిథియం అని ఉండాలి. ఈపీ అని ఉండాలి. నంబరు 2 అయి ఉండాలి. ఈపీ అంటే, బరువు పడి ఇనుము ఇనుముని తాకే చోట కూడా మధ్య పొర నిలిచేలా మందు కలిపినది. నంబరు గట్టిదనాన్ని చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర, బాగా కలిపిన గ్రీజులోకి ఒక శంకువుని అయిదు సెకన్లు వదిలితే ఎంత లోతు దిగిందో కొలుస్తారు. 26.5 నుంచి 29.5 మిల్లీమీటర్లు దిగితే అది 2. 22 నుంచి 25 మధ్య దిగితే 3. హబ్బులకి ఏపీ-3 అని అడుగుతారు చూడు, ఆ 3 ఇదే. చక్రం బేరింగులో కూచుని ఉండటానికి ఆ గట్టిదనం మంచిది. క్రాసులోని సన్నటి దారుల్లో దూరి సూదుల మధ్యకి చేరాలంటే 2 కావాలి. మూడో నంబరు గట్టిగా ఉంది కదా అని డీజిలు కలిపి పల్చన చేసే క్లీనర్లని చూశాను. అలాంటివాణ్ణి నీ బండి దగ్గరికి రానివ్వకు.

సర్వో, హెచ్‌పీ, మాక్, క్యాస్ట్రాల్, ఏ పేరైనా ఫరవాలేదు. సీలున్న డబ్బా కొను. విడిగా డ్రమ్ములోంచి తీసి అమ్మేది వద్దు. ఎర్రగా ఉంది, నీలంగా ఉంది అని మోసపోకు, ఆ రంగు కలిపిందే. ఒకసారి ఒకటి ఎంచుకున్నాక అదే వాడు. లిథియం ఉన్నచోట బెంటోను గ్రీజో పాలీయూరియా గ్రీజో కలిస్తే రెండూ చెడి నీరుగారిపోవచ్చు. గ్రాఫైటు గ్రీజు కమాను పట్టీల మధ్యకి మంచిదే, క్రాసులోకి మాత్రం వద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. స్లిప్ జాయింటుకి కొట్టేటప్పుడు, కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి గ్రీజు రాగానే ఆపెయ్యకు. ఆ రంధ్రాన్ని వేలితో మూసి, అటు పక్క సీలు దగ్గర వచ్చేదాకా కొట్టు. అప్పుడే పళ్ళన్నిటికీ అందినట్టు. సెంటర్ బేరింగుకి నిప్పల్ ఉంటే కొద్దిగా చాలు, ఎక్కువైతే సీలు ఉబ్బుతుంది. క్రౌనుకి జీఎల్-5 ఆయిలు పోస్తారు కదా అని అదే గేరు బాక్సులోనూ పొయ్యనియ్యకు. లోపల ఇత్తడి రింగులుంటే వాటికి జీఎల్-4 కావాలి. కంపెనీ పుస్తకం చూసి పోయించు. షాఫ్టు విప్పినప్పుడు రెండు ముక్కల మీదా బాణం గుర్తులుంటాయి. బిగించేటప్పుడు అవి ఎదురెదురుగా రాకపోతే బండి వణుకుతుంది, కొత్త క్రాసు కూడా నిలవదు. మొన్న రోడ్డు మీద బిగించినవాడు ఆ గుర్తులు చూశాడో లేదో, ఈ వారంలోనే పడుకుని చూడు.

బండి ముందే చెబుతుందిరా. క్లచ్చు వదిలి కదిలించగానే "టక్" మంటే వినాలి. ఒక వేగం దగ్గర క్యాబిన్ నేల వణికితే వినాలి. గిన్నెల చుట్టూ ఎర్ర పొడి కనిపిస్తే ఆ రోజే విప్పాలి. గ్రీజుకి పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లు రాశారో చూడు. అది మంచి రోడ్డుకి రాసినది. నువ్వు ఎక్కేది ఘాట్, మోసేది ఎరువు, తిరిగేది సముద్రపు గాలిలో. కాబట్టి అందులో సగానికే కొట్టు. నీళ్ళలోంచి దాటిన రోజైతే లెక్క చూడకుండా కొట్టు. కంతు కట్టాలని తొందరపడతావని నాకు తెలుసు. ఒక పూట ఆగితే ఒక పూట కిరాయే పోతుంది. ఈ నెల కంతుకి చాలకపోతే మొహమాటపడకుండా నన్ను అడుగు. మామిడి తోట కౌలు డబ్బు వచ్చింది. అది మీ తాతది, నాదెంతో నీదీ అంతే.

ఫాల్గుణంలో ఇక్కడి స్వామి కల్యాణానికి కోడల్ని తీసుకురా. అప్పటికి చంటిపిల్ల కూడా ఉంటుంది కదా. బండితోనే వస్తే గరుడాద్రి కింద పూజ చేయించి, మర్నాడు పొద్దున్నే ఇద్దరం కలిసి బండి కింద దూరుదాం. మీ పెద్దమ్మ తేగలు కట్టి ఉంచింది, నక్కపల్లి మీదుగా వెళ్ళేటప్పుడు ఆగి పట్టుకెళ్ళు.

ఇప్పుడు నాకు కావలసింది ఒకటే. ఈ ఉత్తరం చదివాక నువ్వే స్వయంగా బండి కింద దూరి చూడు. షాఫ్టు మీద క్రాసులెన్ని, వాటిలో నిప్పల్ ఉన్నవెన్ని, నిప్పల్ లేని సీలు రకం ఎక్కడైనా వేసేశారా, గన్ను పెట్టడానికి వీలున్న వైపే నిప్పల్ తిరిగి ఉందా, నాలుగు గిన్నెలూ పలికాయా, ఇవన్నీ క్రాసు క్రాసుకీ విడివిడిగా రాసి పంపు. క్లీనరు చెప్పిన లెక్క నాకొద్దు. నీ వేళ్ళకి అంటిన లెక్క కావాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న