మాట్లాడుకొన్న పడవ
దీవుల విహారమును గూర్చి తల్లిదండ్రులకు ఒక పాఠము

మన బాబ్లీ యొడ్డున గోదావరి సంవత్సరమునకు రెండు రూపములు దాల్చుచున్నది. సుప్రీంకోర్టువారు 2013 ఫిబ్రవరి 28వ తేదీన ఇచ్చిన తీర్పు ననుసరించి జులై 1 మొదలు అక్టోబరు 28 వరకు బంధారా తలుపులు పదునాలుగును ఎత్తియుంచవలెను. ఆ నాలుగు మాసములు నది అడ్డు లేక పోచంపాడు జలాశయము వైపు సాగిపోవును. అక్టోబరు 29న తలుపులు దిగిన పిమ్మట ఎగువన నీరు నిలుచును. నిండుగా నిలిచినచో అది 2.74 టి.ఎం.సి.లు, అనగా 274 కోట్ల ఘనపుటడుగులు. నిన్నటివరకు ఉరుకుచుండిన నది నేడు చెరువువలె కదలక యుండుట చూచి పిల్లలు మమ్ములను అడుగు ప్రశ్న యొకటి కలదు: “గురువుగారూ, మనమందరము ఒక మోటారు పడవ మాట్లాడుకొని దీవులు చూచి రాకూడదా?”

కోరిక తప్పు కాదు. నీరనిన భయపెట్టి పిల్లలను ఒడ్డుననే కూర్చుండబెట్టుట విద్య కాజాలదు. అయినను ఏమియు తెలియక ఎక్కించుట అంతకంటె దోషము. ఈ సెలవులలో అనేక కుటుంబములు యాత్రలకు బయలుదేరును గనుక, అద్దెపడవను గూర్చి తల్లిదండ్రులు ముందుగా తెలిసికొని, పిల్లలకు తెలుపదగిన సంగతులను ఇందు పాఠముగా కూర్చితిమి.

1. దీవులు ఎక్కడ?

దీవి యనగానే సముద్రము తలపునకు వచ్చును గాని, మన గోదావరియే దీవులను కన్నతల్లి. ధవళేశ్వరము వద్ద నది పాయలుగా చీలి, తాను మోసికొనిపోయిన ఒండ్రుమట్టితో లంకలను కట్టినది. తెలుగున లంక యనగా నదిలోని దీవి. బొబ్బర్లంక, ఎదుర్లంక మున్నగు గ్రామనామములలో ఆ మాట నేటికిని నిలిచియున్నది. ఆనకట్టలు లేని కాలమున మన యొడ్డుమట్టియు ఆ లంకలకు చేరియే యుండును.

కృష్ణానదిలో విజయవాడ వద్ద భవానీద్వీపము కలదు. మన మహారాష్ట్రమున ముంబయి గేట్‌వే నుండి లాంచిలో ఘారాపురి దీవికి పోయి ఎలిఫెంటా గుహలను చూడవచ్చును. ఇక తూర్పు సముద్రమున అండమాను దీవులు కలవు. పోర్టు బ్లెయిరు అనబడిన అచ్చటి ముఖ్యనగరమును 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురమని పిలుచుచున్నారు. హేవలాక్, నీల్ దీవులు 2018 డిసెంబరు 30వ తేదీ నుండి స్వరాజ్ ద్వీపము, షహీద్ ద్వీపము అను పేర్లు పొందినవి. ఆ దీవులలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. మనవలెనే వారును పలుభాషలవారి నడుమ ఇంటిభాషను నిలుపుకొనుచున్నారు. అందుచే ఆ దీవులు మన పిల్లలకు కేవలము విహారస్థలములు కావు.

2. టిక్కెట్టు లాంచి, మాట్లాడుకొన్న పడవ

పడవను అద్దెకు తీసికొనుట ప్రపంచమున రెండు విధములుగా జరుగుచున్నది. మొదటిది పడవను మాత్రమే తీసికొని తానే నడుపుకొనుట. కరిబియన్ సముద్రదీవులలోను, థాయిలాండు తీరమునను యోగ్యతాపత్రము గలవారు ఇట్లు చేయుదురు. రెండవది సరంగుతో సహా తీసికొనుట. మనబోటి కుటుంబములకు రెండవదియే తగినది.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. టిక్కెట్టు కొని యెక్కు లాంచికి ఒక వేళ, ఒక దారి నిర్ణయింపబడి యుండును. ప్రయాణికుడు కోరినంత మాత్రమున అవి మారవు. మాట్లాడుకొన్న పడవలో ఆ దినమునకు యజమానులము మనమే. “ఇంకొక దీవి చూపుము”, “మా బావగారి పిల్లలను కూడ ఎక్కించుకొనుము”, “పొద్దుపోయినను ఫరవాలేదు” అని మనము చెప్పగలము. ఆనాటి అద్దె పోవునేమో యను సంకోచముతో సరంగు కాదనలేకపోవచ్చును. పడవ ప్రమాదములకు ఇంజను లోపము కంటె ఈ మొగమాటమే తరచుగా కారణమగుచున్నదని మా యభిప్రాయము. అద్దె ఇచ్చినవాడు సుఖమును మాత్రమే కొనుటలేదు, బాధ్యతను కూడ కొనుచున్నాడు.

3. ఇంటిలో చేయదగిన పరీక్ష

పడవ యేల తేలునో, యేల మునుగునో పిల్లలకు మాటలతో చెప్పుటకంటె చేసి చూపుట మేలు. వెడల్పైన తొట్టిలో నీరు పోసి ఒక స్టీలు గిన్నెను తేలవేయుడు. ఉక్కు నీట మునుగును గదా, గిన్నె యేల తేలినది? తాను తొలగించిన నీటి బరువు తన బరువుతో సమానమగువరకు మాత్రమే అది నీటిలోనికి దిగును. పిదప గులకరాళ్లను ఒక్కొక్కటిగా గిన్నె నడుమ వేయుడు. ఒక్కొక్క రాతికి గిన్నె అంచు నీటికి దగ్గరగుచుండును. నీటిపైన మిగిలిన ఆ అంచే పడవకు రక్షణ. అది తగ్గినకొలది చిన్న అల కూడ లోనికి రాగలదు.

రెండవసారి అవే రాళ్లను ఒక ప్రక్కకు చేర్పుడు. రాళ్ల సంఖ్య మారలేదు. అయినను గిన్నె ఒరిగి నీరు త్రాగును. మూడవసారి రాళ్లు తీసివేసి, నీరు నింపిన పొడవైన గ్లాసును గిన్నెలో నిలబెట్టి తొట్టిని మెల్లగా కదపుడు. బరువు పైకి పోయినకొలది నిలకడ తగ్గునని కన్నులార చూడవచ్చును. పడవ పైయంతస్తున అందరును గుమిగూడి నిలబడరాదని చెప్పుటకు కారణమిదియే.

లైఫ్‌జాకెట్టును గూర్చియు ఇచ్చటనే చెప్పెదము. మానవదేహము సాంద్రతలో నీటికి మిక్కిలి దగ్గరిది. అందుచే తలను నీటిపైన నిలుపుటకు కొద్దిపాటి ఆధారము చాలును. జాకెట్టులోని తేలిక పలకలు ఆ యాధారము నిచ్చును. కాని పెద్దవారి జాకెట్టును పిల్లవానికి తొడిగినచో, నీటబడినపుడు జాకెట్టు పైకి పోవును, బిడ్డ క్రిందికి జారును. బకిళ్లు బిగించిన పిమ్మట రెండు భుజములవద్ద పట్టుకొని పైకి లాగి చూడుడు. జాకెట్టు గడ్డమును దాటి వచ్చినచో అది ఆ బిడ్డకు సరిపోలేదని అర్థము. జాకెట్టును ఒడ్డుననే తొడుగవలెను. పడవ ఒరిగిన పిదప తొడుగుకొనుటకు వ్యవధి యుండదు.

4. జరిగినవి, నేర్చుకొనదగినవి

ఇతరుల దుఃఖమును కథగా చెప్పుట మా యుద్దేశము కాదు. ఒక్కొక్క సంఘటన యందును ఒక పాఠము గలదు గనుక పేర్కొనుచున్నాము.

2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయమున విహారనౌక బోల్తాపడి 45 మంది మరణించిరి. ఒడ్డున వన్యమృగములు కనబడగా ప్రయాణికులు ఒకే ప్రక్కకు చేరిరి. గిన్నెలో రాళ్లను ప్రక్కకు చేర్చిన పరీక్ష ఇదియే.

2014 జనవరి 26న అండమానులో, నగరమునకు దగ్గరి సముద్రముననే, యాత్రికుల పడవ మునిగి ఇరువది మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పడవకు తగిన సంఖ్యకంటె మిక్కిలి ఎక్కువమందిని అందులో ఎక్కించియుండిరి.

2017 నవంబరు 12న భవానీద్వీపము నుండి కృష్ణా గోదావరుల పవిత్రసంగమము వైపు బయలుదేరిన ప్రైవేటు పడవ తిరుగబడి మరల ఇరువది మందికి పైగా మరణించిరి. ఆ దారిన నడుచుటకు ఆ పడవకు అనుమతి లేదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన లాంచి కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. ఆ దినమున నది వరదలో నుండెను; ప్రవాహము సుమారు 5 లక్షల క్యూసెక్కులు. మునిగిన లాంచిని వెలికితీయుటకు అక్టోబరు మాసము రావలసివచ్చినది. అది మన ముందునుండి పోవు గోదావరియే గనుక ఆ వార్త మనకు దూరపుది కాదు.

2024 జనవరి 18న వడోదర హర్ణీ చెరువులో పాఠశాల విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయినులు మరణించిరి. పరిమితికి మించి ఎక్కించిరి. అందరికిని జాకెట్లు లేవు. అది సముద్రము కాదు, వరదనది కాదు, ఊరినడుమ నిలిచిన చెరువు. నీరు కదలనంత మాత్రమున అపాయము లేదని తలపరాదు.

5. అద్దె మాట్లాడునపుడు అడుగవలసినవి

2021లో పార్లమెంటు చేసిన దేశాంతర్గత నౌకల చట్టము 1917 నాటి పాత చట్టమునకు బదులుగా వచ్చినది. నదులలో యంత్రముతో నడచు నౌకలకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము, బీమా, నడుపువారికి యోగ్యతాపత్రము ఉండవలెనని అది విధించుచున్నది. కనుక వీనిని అడుగుట మనకు గల హక్కు. అడిగినచో ఎవరును చిన్నబుచ్చుకొన నక్కరలేదు.

పడవలో ఎంతమందికి అనుమతి యున్నదో అడుగుడు. ఆ సంఖ్య సాధారణముగా పడవపైననే వ్రాసియుండును. సరంగును, చంకబిడ్డను కూడ కలిపియే లెక్కింపుడు. ప్రతి పిల్లవానికిని కొలతకు తగిన జాకెట్టు ఉన్నదా? ఏయే దీవులు, ఎన్ని గంటలు, ఇంధనము ఎవరిది, తిరుగువేళ ఏది యను విషయములను కాగితముపై వ్రాయించుడు. ఒడ్డున నుండు బంధువునకు ఒకరికి ఆ కాగితపు నకలు ఇచ్చి, తిరుగువేళ దాటినచో ఎవరికి తెలుపవలెనో చెప్పియుంచుడు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. బయలుదేరుటకు ముందే సరంగుతో ఇట్లనుడు: “అన్నా, గాలి మారినను, నీరు పెరిగినను నీవు వెనుకకు త్రిప్పుము. అద్దె విషయమున మేము తగవులాడము.” ఈ యొక్క మాటతో అతని మొగమాటము తీరును. అండమానులో మే నుండి సెప్టెంబరు వరకు నైరృతి ఋతుపవనము వీచును. ఆ దినములలో సముద్రము అల్లకల్లోలముగా నుండి పడవలు నిలిపివేయబడుట సామాన్యము. రద్దయిన విహారమును నష్టముగా లెక్కింపరాదు.

బంధారాల వద్ద మరియొక నియమము. తలుపుల సమీపమునకు ఎన్నడును పోరాదు. బాబ్లీ నుండి ప్రతి మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీటిని దిగువకు విడువవలెనని అదే తీర్పు చెప్పుచున్నది. నిన్న నిలిచియున్న నీరు నేడు లాగివేయగలదు.

6. పడవలోను, దీవిపైనను

మోటారు పడవకు వెనుక నీటిలో తిరుగు రెక్కలుండును. ఎక్కునపుడు, దిగునపుడు, ఈదునపుడు ఇంజను ఆపించుడు. మన పిల్లలు రెండు భాషలవారు. ఇది వారికి పడవలో కూడ మేలు చేయును. తెలుగున చుక్కాని యనునది మరాఠీలో సుకాణూ, మన లంగరు వారి నాంగర. మన యొడ్డు నావాడి “ఖాలీ బసా” అనినను, కోనసీమ సరంగు “కూర్చోండి” అనినను ఆజ్ఞ యొకటే. వినిన తక్షణము కూర్చుండవలెను.

దీవికి చేరినపిదప పగడములను, శంఖములను ఏరి తేరాదు. పగడములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. లంగరును పగడపు గుట్టపై వేయరాదని సరంగునకు చెప్పుడు. డబ్బు చెల్లించినంత మాత్రమున ప్రతి దీవియు మనది కాదు. అండమానులోని ఉత్తర సెంటినెల్ దీవి సమీపమునకు పోవుట నిషిద్ధము. బయటివారి రోగములు అచ్చటి ప్రజలకు ప్రాణాంతకములు. ఈ నిషేధము వారి రక్షణకొరకే యని పిల్లలకు తెలుపుడు.

7. ఇంటివద్ద అడుగవలసిన ప్రశ్నలు

తల్లిదండ్రులు రాత్రి భోజనము పిమ్మట ఈ ప్రశ్నలను పిల్లలను అడుగుదురు గాక.

1. గిన్నెలో రాళ్లు పెరుగకున్నను గిన్నె యేల మునిగినది?
2. జాకెట్టు సరిపోయినదని ఎట్లు తెలియును?
3. పడవ ఒరిగినట్లు తోచినపుడు లేచి పరుగెత్తవలెనా, కూర్చుండవలెనా?
4. సరంగు “నేడు వద్దు” అనినచో మనమేమి చేయవలెను?

నాలుగవ ప్రశ్నకు పిల్లలు ఇచ్చు సమాధానమును జాగ్రత్తగా వినుడు. అది మనలను చూచి నేర్చుకొన్న సమాధానమై యుండును. రేవువద్ద మనము బేరమాడి, బతిమాలి, కోపించి పడవ కదలించినచో వారును అట్లే నేర్చుకొందురు. “మంచిది, రేపు చూతము” అని మనము నవ్వుచు ఒడ్డెక్కినచో ఈ పాఠమంతయు వారికి ఆ యొక్క క్షణమున బోధపడును.